ఇంకా అనుమతి రాని యాంటీవైరల్ మందు రోగికి కావాలంటే: డాక్టర్లు ఏ తలుపులు, ఏ వరసలో తట్టాలి

వార్డులో రోగి ఉన్నాడు. పీసీఆర్ పాజిటివ్ వచ్చింది. ఆ వైరస్‌కి అనుమతి ఉన్న మందు లేదు. ఎక్కడో ఒక కంపెనీ దగ్గర కోతుల మీద బాగా పనిచేసిన మందు ఒకటి ఉందని మీరు చదివారు. బయట కూర్చున్న బంధువులు కూడా అదే చదివారు, ఫోన్లో చూపించి "ఇది తెప్పించలేరా డాక్టర్ గారూ" అని అడుగుతున్నారు. అప్పుడు మొదటి గంటలో ఏం చేయాలి, మర్నాడు ఏం చేయాలి, మందు చేతికొచ్చాక ఏం చేయాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను. రాసేది డాక్టర్ల కోసమే, కానీ మందు ఎందుకు ఆలస్యమవుతోందో అర్థంకాక టెన్షన్ పడే బంధువులకూ ఇది పనికొస్తుంది.

ముందే ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ప్రభుత్వం అనుమతిస్తే మందు వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ సరే అనాల్సింది నలుగురు: మందు తయారుచేసే కంపెనీ, ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ, చికిత్స నైతికంగా సరైనదో కాదో చూసే ఎథిక్స్ కమిటీ, రోగి. ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది. ఎక్కువసార్లు ఆగేది నియంత్రణ సంస్థ దగ్గర కాదు, కంపెనీ దగ్గర. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన దగ్గరకొచ్చిన ఇలాంటి అభ్యర్థనల్లో 99 శాతానికి పైగా ఒప్పుకుంటుంది, కానీ మందు ఇచ్చి తీరాలని కంపెనీని బలవంతపెట్టే అధికారం ఎఫ్‌డీఏకి కూడా లేదు. అందుకే మొదటి ఫోన్ కంపెనీకే చేయాలి. కంపెనీ దగ్గర స్టాకు ఉందో లేదో కనుక్కోకుండా ఫారాలు నింపుతూ కూర్చుంటే, రోగికి ఎంతో విలువైన రెండు రోజులు కాగితాల మీదే పోతాయి.

ట్రయల్ ఏదైనా నడుస్తోందా?

కంపెనీకి ఫోన్ చేసేముందు ఐదు నిమిషాలు ఇది వెతకండి. ఆ వైరస్‌కి, ఆ మందుతో, మీ రోగిని చేర్చుకోగల క్లినికల్ ట్రయల్ ఎక్కడైనా తెరిచి ఉందా? క్లినికల్ ట్రయల్స్ డాట్ గవ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్రయల్ రిజిస్ట్రీ, మీ దేశపు సొంత రిజిస్ట్రీ, మూడింట్లోనూ చూడండి. దగ్గరలో ఉంటే రోగిని అక్కడికి పంపడమో, మీ ఆస్పత్రిని ఆ ట్రయల్‌లో చేర్చమని అడగడమో మొదట చేయాల్సిన పని. ట్రయల్‌లో చేరే వీలుంటే వేరే దారిలో మందు ఇవ్వడానికి చాలా దేశాల నిబంధనలు ఒప్పుకోవు కూడా.

ట్రయల్‌లో ఎవరికి ఏ మందో చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు. "నా రోగి చచ్చిపోతుంటే చీటీ తీసి మందు ఇస్తారా" అని కొందరు డాక్టర్లకు దీనిమీద కోపం. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ కాంగోలో ఏం జరిగిందో చూడండి. 2018 ఆగస్టులో అక్కడ ఉత్తర కివూ అనే ప్రాంతంలో ఎబోలా మొదలైనప్పుడు అందుబాటులో ఉన్న ప్రయోగ దశ మందులను ముందు అత్యవసర వాడకం కింద ఇచ్చారు, నవంబరు 20న పామ్ అనే ట్రయల్ మొదలుపెట్టారు. నాలుగు మందులు, 681 మంది రోగులు, ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో. 2019 ఆగస్టులో లెక్క చూస్తే 28 రోజుల్లో చనిపోయినవాళ్లు జెడ్‌మ్యాప్ తీసుకున్న వాళ్లలో 49.7 శాతం, రెమ్‌డెసివిర్ వాళ్లలో 53.1 శాతం, ఎంఏబీ114 వాళ్లలో 35.1 శాతం, ఆర్‌ఈజీఎన్-ఈబీ3 వాళ్లలో 33.5 శాతం. ట్రయల్‌ని మధ్యలోనే ఆపి, బాగా పనిచేసిన రెండింటినే కొనసాగించారు. ఆ రెండే 2020 చివర్లో ఎఫ్‌డీఏ అనుమతి పొందాయి. ఆ నాలుగూ మొదట్లో డాక్టర్లకు ఒకేలా ఆశ కలిగించినవే! ఒక్కొక్కరికి విడివిడిగా ఇస్తూ పోయి ఉంటే ఏది బతికిస్తోందో ఇప్పటికీ తెలిసేది కాదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2014-15లో పశ్చిమ ఆఫ్రికాలో జెడ్‌మ్యాప్‌ని పరీక్షించే ట్రయల్ ఆలస్యంగా మొదలై 72 మందితోనే ఆగింది, ఎందుకంటే ఎబోలా తగ్గిపోయి రోగులు దొరకలేదు. మందు ఇచ్చినవాళ్లలో 22 శాతం, ఇవ్వనివాళ్లలో 37 శాతం చనిపోయారు. చూడ్డానికి బాగానే ఉంది, కానీ అంత తక్కువ మందితో గట్టిగా ఏమీ చెప్పలేకపోయారు. నాలుగేళ్ల తర్వాత మరింత పెద్ద ట్రయల్ వచ్చేదాకా ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఈ రోగికి సరిపోతుందా?

ట్రయల్ లేదు, లేదా మీ రోగి అందులో చేరే పరిస్థితిలో లేడు. అప్పుడు వ్యక్తిగత వాడకం, అంటే ట్రయల్ బయట ఈ ఒక్క రోగికి మందు ఇవ్వడం గురించి ఆలోచించాలి. దీన్నే కొన్నిచోట్ల కంపాషనేట్ యూజ్ అంటారు, అమెరికాలో ఎక్స్‌పాండెడ్ యాక్సెస్ అంటారు. పేరు ఏదైనా అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. జబ్బు ప్రాణాంతకమా లేదా చాలా తీవ్రమైనదా? సరిపడే వేరే చికిత్స లేదా? మందు వల్ల వచ్చే మేలు, ప్రమాదం కంటే ఎక్కువగా ఉండే అవకాశం ఉందా? ఇక్కడ ఇవ్వడం వల్ల ఆ మందు మీద జరుగుతున్న పరిశోధన దెబ్బతింటుందా? ఈ నాలుగింటికీ ఒక్కో ప్రశ్నకి రెండు వాక్యాల్లో జవాబు రాసి పెట్టుకోండి, తర్వాత నింపే ప్రతి కాగితంలోనూ ఇవే అడుగుతారు.

రోగనిర్ధారణ పక్కాగా ఉండాలి. లక్షణాలు చూసి అనుకున్నది సరిపోదు, ల్యాబ్ రిపోర్టు కావాలి, వీలైతే సీటీ విలువతో (నమూనాలో వైరస్ ఎంతుందో పీసీఆర్‌లో సూచించే అంకె) సహా. లక్షణాలు మొదలైన తేదీ, గంట కూడా రాయండి. యాంటీవైరల్స్ ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. పామ్ ట్రయల్‌లోనే, లక్షణాలు మొదలయ్యాక ట్రయల్‌లో చేరడం ఆలస్యమైన ఒక్కో రోజుకీ మరణం అవకాశం 11 శాతం చొప్పున పెరిగింది. కంపెనీ మెడికల్ ఆఫీసర్ మొదట అడిగేది కూడా "ఇవాళ్టికి ఎన్నో రోజు?" అనే.

ఇంకో మాట, ఇది కొంచెం కఠినంగా అనిపించవచ్చు. రోగి ఇప్పటికే పది రోజులుగా వెంటిలేటర్ మీద ఉండి, మూత్రపిండాలు, కాలేయం రెండూ ఆగిపోతుంటే, వైరస్‌ని ఆపే మందు అప్పుడు పెద్దగా చేయగలిగింది లేకపోవచ్చు. ఎంతో కొంత చేయాలనే తపన ఎవరికైనా ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆ తపన కుటుంబానికి లేని ఆశ పెట్టకూడదు. ఇలాంటి సందర్భంలో ఇన్‌ఫెక్షస్ డిసీజ్ డాక్టర్‌తో, ఐసీయూ డాక్టర్‌తో కలిసి కూర్చుని నిర్ణయించండి, ఒక్కరే నిర్ణయించకండి.

గర్భిణులను, పిల్లలను ఆలోచించకుండానే పక్కన పెట్టే అలవాటు చాలా ఆస్పత్రుల్లో ఉంది. అది తప్పని నా గట్టి అభిప్రాయం. ఏ మందు అన్నదాన్ని బట్టి ఉంటుంది: ఫావిపిరావిర్, రిబావిరిన్ గర్భస్థ శిశువుకి హాని చేయగలవు కాబట్టి అక్కడ జాగ్రత్త తప్పదు, మోనోక్లోనల్ యాంటీబాడీల (వైరస్‌ని పట్టుకునేలా ల్యాబ్‌లో తయారుచేసిన ప్రోటీన్లు) సంగతి వేరు. పామ్ ట్రయల్‌లో గర్భిణులను కూడా చేర్చుకున్నారు. 2020 మార్చిలో రెమ్‌డెసివిర్ కోసం వ్యక్తిగత అభ్యర్థనలు విపరీతంగా పెరిగి కంపెనీ తాత్కాలికంగా ఆపేసినప్పుడు కూడా గర్భిణులకు, 18 ఏళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఇచ్చింది. కాబట్టి అడగండి, మందు వాళ్లకి కుదరదని మీరే ముందు అనేసుకోకండి.

కంపెనీకి ఫోన్

కంపెనీ వెబ్‌సైట్‌లో ఎక్స్‌పాండెడ్ యాక్సెస్ లేదా కంపాషనేట్ యూజ్ అనే పేజీ వెతకండి. అమెరికాలో 2016లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, తీవ్రమైన జబ్బులకు మందులు పరీక్షిస్తున్న కంపెనీలు తమ విధానాన్ని, ఎవరిని సంప్రదించాలో, జవాబుకి సుమారు ఎంత సమయం పడుతుందో బహిరంగంగా పెట్టాలి. అడగాల్సింది చికిత్స చేస్తున్న డాక్టరే, బంధువులు నేరుగా అడిగితే సాధారణంగా డాక్టర్‌నే సంప్రదించమంటారు.

ఫోన్ చేసేముందు ఒక పేజీ సారాంశం సిద్ధం చేసుకోండి. ఒక్క పేజీ చాలు, ఎక్కువైతే ఎవరూ చదవరు. రోగి పేరు వద్దు. వయసు, బరువు, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, ల్యాబ్ నిర్ధారణ, ఇప్పుడు ఆక్సిజన్ ఎంత కావాలి, క్రియాటినిన్, కాలేయ ఎంజైములు, గర్భం ఉందా లేదా, వాడుతున్న మందులన్నీ, ఇప్పటిదాకా ఏం చేశారు, ఎందుకు ట్రయల్‌లో చేరలేడు. వాడుతున్న మందుల జాబితాని తేలిగ్గా తీసుకోకండి. ఉదాహరణకి రెమ్‌డెసివిర్‌ని క్లోరోక్విన్ లేదా హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో కలిపి ఇస్తే దాని శక్తి తగ్గవచ్చని 2020 జూన్‌లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

కంపెనీ ఒప్పుకుంటే ఒక లేఖ ఇస్తుంది. అమెరికాలో దాన్ని లెటర్ ఆఫ్ ఆథరైజేషన్ అంటారు. మందు గురించి తమ దగ్గరున్న సమాచారాన్ని ఈ రోగి కోసం చూసుకోవచ్చని నియంత్రణ సంస్థకి కంపెనీ ఇచ్చే అనుమతి అది. ఆ లేఖ లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు. లేఖతో పాటు ఇన్వెస్టిగేటర్ బ్రోషర్ అడగండి, మోతాదు, కలిపే పద్ధతి, నిల్వ ఉష్ణోగ్రత, ఇప్పటిదాకా కనిపించిన దుష్ప్రభావాలు అన్నీ అందులోనే ఉంటాయి. డబ్బు సంగతి కూడా అప్పుడే అడిగేయండి. చాలా కంపెనీలు మందు ఉచితంగా ఇస్తాయి గానీ రవాణా, ఆస్పత్రి ఖర్చులు ఎవరివో ముందే తేలాలి, లేకపోతే తర్వాత కుటుంబం మీద పడతాయి.

కాదంటే ఎందుకో అడగండి. స్టాకు లేకనా, ఈ రోగి పరిస్థితికి పనికిరాదనా, ట్రయల్‌కి అడ్డం వస్తుందనా? స్టాకు లేదంటే వేరే చోట ఆ మందు ముందే నిల్వ ఉందేమో చూడాలి: ప్రజారోగ్య సంస్థల దగ్గర, సైన్యం దగ్గర, పొరుగు దేశపు అత్యవసర నిల్వల్లో. 2022లో ఎంపాక్స్ (మంకీపాక్స్) వ్యాపించినప్పుడు అమెరికాలో టెకోవిరిమాట్ అనే యాంటీవైరల్ మందు మశూచి భయంతో దాచిపెట్టిన జాతీయ నిల్వల్లోంచే వచ్చింది.

నియంత్రణ సంస్థ దగ్గర

ఇక్కడ ప్రతి దేశానిదీ ఒక పద్ధతి. నాకు బాగా తెలిసినది అమెరికా పద్ధతి, కాబట్టి దాన్నే కొంచెం వివరంగా చెప్తాను, మిగతావి దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఒక్క రోగి కోసం ఫారం 3926 ఉంటుంది. రెండు పేజీలు, నింపడానికి సుమారు 45 నిమిషాలు పడుతుందని ఎఫ్‌డీఏనే చెప్తుంది. మామూలు సందర్భంలో దరఖాస్తు అందిన 30 రోజులకు లేదా ఎఫ్‌డీఏ అంతకంటే ముందే సరే అంటే అప్పుడు చికిత్స మొదలుపెట్టవచ్చు. కానీ విజృంభణ వేళ 30 రోజులు ఎవరికున్నాయి? అందుకే అత్యవసర దారి ఉంది: ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా తీసుకుంటారు, నోటిమాటగా అనుమతిస్తే మందు మొదలుపెట్టేయవచ్చు. ఆ తర్వాత 15 పనిదినాల్లోపు రాతపూర్వక దరఖాస్తు పంపాలి, 5 పనిదినాల్లోపు ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. ఈ రెండు గడువులనూ మందు మొదలుపెట్టిన రోజే క్యాలెండర్లో రాసుకోండి, ఎందుకంటే రోగి బాగా ఉన్నా, చనిపోయినా, ఆ సమయంలో మనసు కాగితాల మీద ఉండదు.

ఒకరిద్దరి నుంచి పదులు, వందల మంది రోగులకి పెరిగితే విడివిడిగా ఫారాలు నింపడం మానేయండి. మధ్యస్థాయి గుంపు కోసం ఒక ప్రోటోకాల్, ఇంకా పెద్ద సంఖ్యలో అయితే ట్రీట్‌మెంట్ ప్రోటోకాల్ అని ఉంటాయి, ఒకే అనుమతి కింద అందరికీ ఇవ్వవచ్చు. 2022లో టెకోవిరిమాట్‌కి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఇలా ఒక ప్రోటోకాల్ తన చేతిలో పెట్టుకుంది. మొదట్లో కాగితాల భారం మీద డాక్టర్లు గొడవ చేస్తే అదే ఏడాది జూలైలో దాన్ని తేలిక చేశారు, సమ్మతి తీసుకుని చికిత్స ముందు మొదలుపెట్టి ఫారాలు తర్వాత పంపే వీలు ఇచ్చారు. డాక్టర్లు అడిగితేనే అది జరిగింది! కాబట్టి ఏ ఫారం దగ్గర గంటలు పోతున్నాయో సంబంధిత సంస్థకి రాసి పంపండి.

ఎమర్జెన్సీ యూజ్ ఆథరైజేషన్ అని మీరు వినే ఉంటారు. అది వేరు. అది మొత్తం దేశంలో ఆ మందుని ఆ షరతులతో వాడుకోవచ్చని ప్రకటించడం. డాక్టర్ ఒక్కో రోగికి దరఖాస్తు చేయక్కర్లేదు. 2009 అక్టోబరులో హెచ్1ఎన్1 కోసం సెలైన్‌లో ఇచ్చే పెరామివిర్‌కి, 2020 మే 1న కోవిడ్ కోసం రెమ్‌డెసివిర్‌కి అలా ఇచ్చారు. అలా ఇచ్చినంత మాత్రాన మందు పనిచేస్తుందని రుజువైనట్టు కాదు: హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి 2020 మార్చి 28న ఇచ్చి జూన్ 15న వెనక్కి తీసుకున్నారు.

ఐరోపాలో కంపాషనేట్ యూజ్ ఏ దేశానికా దేశం నడుపుకుంటుంది, ఐరోపా మందుల సంస్థ కమిటీ ఏ రోగులకి, ఎలా ఇవ్వాలో సలహా ఇస్తుంది. 2020 ఏప్రిల్ 3న రెమ్‌డెసివిర్ మీద అలాంటి సలహా వచ్చింది. భారత్‌లో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల కింద ప్రభుత్వ ఆస్పత్రి లేదా ప్రభుత్వ వైద్య సంస్థ ప్రాణాంతక జబ్బు ఉన్న రోగి కోసం ఫారం సీటీ-24లో దరఖాస్తు పెడితే, కేంద్ర నియంత్రణ సంస్థ సీటీ-25 లైసెన్సు ఇస్తుంది. 2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు ఎం102.4 అనే మోనోక్లోనల్ యాంటీబాడీ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది, 2023లో మళ్లీ వచ్చినప్పుడు మరో 20 డోసులు అడిగారు. ఒకరో ఇద్దరో రోగుల కోసం కూడా దేశాల మధ్య మందు కదలగలదని చెప్పడానికే ఇది ప్రస్తావిస్తున్నాను.

ఇంత బలమైన నియంత్రణ వ్యవస్థ లేనిచోట, లేదా వ్యాధి దాన్ని ముంచేసినచోట, ప్రపంచ ఆరోగ్య సంస్థ చూపిన దారి మ్యూరీ. నమోదు కాని, ప్రయోగ దశలో ఉన్న చికిత్సలను పర్యవేక్షణతో అత్యవసరంగా వాడటం అని దాని అర్థం. 2014 ఆగస్టులో ఎబోలా మీద కూర్చున్న నిపుణుల బృందం, కొన్ని షరతులతో ఇలా వాడటం నైతికంగా సరైనదేనని చెప్పింది. 2016లో ఆ షరతులు మార్గదర్శకంగా వచ్చాయి. రుజువైన చికిత్స లేకపోవడం, వెంటనే ట్రయల్ పెట్టలేకపోవడం, ల్యాబ్‌లోనో జంతువుల మీదనో కనీసం కొంత ఆధారం ఉండటం, దేశ అధికారులు, అర్హత ఉన్న ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవడం, ప్రమాదం తగ్గించే వనరులు ఉండటం, రోగి సమ్మతి, ఫలితాలు రాసి అందరితో త్వరగా పంచుకోవడం. ఆఖరి షరతు దగ్గరే చాలాసార్లు పని చెడుతుంది. మ్యూరీ అంటే ట్రయల్ వచ్చేదాకా నడిచే వంతెన. ట్రయల్ తెరవగానే రోగులని అటు మళ్లించాలి.

ఎథిక్స్ కమిటీ గురించి ఒక్క మాట. ముందే పరిచయం లేకపోతే రాత్రి రెండింటికి ఛైర్మన్ ఫోన్ నంబరు దొరకదు. ఒక్క రోగి విషయంలో మొత్తం కమిటీ కూర్చోకుండా ఛైర్మన్ లేదా ఆయన నియమించిన సభ్యుడు ఒప్పుకుంటే చాలు అనే వెసులుబాటు ఫారం 3926లో ఉంది. మీ ఆస్పత్రిలో అలాంటి వెసులుబాటు ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి.

సమ్మతి

రోగితో మొదటి వాక్యమే ఇదిగో ఇలా ఉండాలి: "ఈ మందు పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు." దాని తర్వాతే ఎందుకు ఆలోచిస్తున్నామో, ఏం జరగవచ్చో, వద్దంటే కూడా మిగతా చికిత్స మొత్తం అలాగే అందుతుందని చెప్పండి. "కొత్త మందు", "విదేశాల నుంచి తెప్పించిన మందు" అన్న మాటలు వాడకండి, వినేవాళ్లకి అవి "మంచి మందు" అని వినపడతాయి.

ఐసోలేషన్ వార్డులో కాగితం లోపలికి వెళ్తుంది గానీ బయటికి రాకూడదు. సంతకం చేశాక అద్దం ఇవతలి నుంచి ఫొటో తీయడం, సాక్షి బయట నిలబడి చూడటం, ఫోన్లో బంధువుతో మాట్లాడి ఎవరు, ఎప్పుడు మాట్లాడారో రాసుకోవడం లాంటి పద్ధతులు ముందే ఎథిక్స్ కమిటీతో ఒప్పించి పెట్టుకోవాలి. మాస్కు, కళ్లద్దాలు, సూటు వేసుకున్న మనిషి మాట రోగికి సరిగా వినపడదు, భయం కూడా వేస్తుంది. వీలైతే సూటు అక్కర్లేని దూరం నుంచి, ముఖం కనిపించేలా, రోగి సొంత భాషలో మాట్లాడండి.

రోగి తరఫున మనమే నిర్ణయించేయడం గురించి ఒక బాధాకరమైన ఉదాహరణ. సియెరా లియోన్‌లో ఎబోలా రోగులకి ముందుండి వైద్యం చేసిన డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్‌కే 2014 జూలైలో ఎబోలా సోకింది. ఆయన ఉన్న కేంద్రంలోనే జెడ్‌మ్యాప్ కోర్సు ఒకటి ఉంది. అప్పటికి అది మనుషుల్లో ఎవరికీ ఇచ్చింది కాదు. వైద్యబృందం చాలాసేపు చర్చించి ఇవ్వకూడదని నిర్ణయించింది, ఆ నిర్ణయంలో ఆయన్ని అడగలేదు. జూలై 29న ఆయన చనిపోయారు. ఇచ్చి ఉంటే బతికేవారో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ స్పృహలో ఉన్న రోగిని, అందులోనూ ఆ జబ్బు గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని, అడగాల్సింది.

మందు వచ్చాక

ఫార్మసిస్టుని మొదటి రోజు నుంచే కలుపుకోండి. దిగుమతి లైసెన్సు, కస్టమ్స్, విమానాశ్రయంలో ఎవరు తీసుకుంటారు, దారిలో ఉష్ణోగ్రత రికార్డు, ఆస్పత్రిలో ఏ ఫ్రిజ్, ఆ ఫ్రిజ్‌కి కరెంటు పోతే ఏంటి, ఇవన్నీ ఆయన చేతిలో ఉంటే మీరు రోగి దగ్గర ఉండొచ్చు. ప్రతి వయల్‌కీ లెక్క ఉండాలి: బ్యాచ్ నంబరు, ఎప్పుడు వచ్చింది, ఎవరికి ఇచ్చారు, ఎంత మిగిలింది.

మోతాదు మొదలుపెట్టేముందు ఆరోజు రక్తపరీక్షలు, ఈసీజీ, వైరల్ లోడ్ నమూనా తీసి పెట్టండి. మందు వల్ల కాలేయ ఎంజైములు పెరిగాయా లేక జబ్బు వల్లనా అన్నది మొదటి విలువ లేకపోతే ఎప్పటికీ తేలదు. చిన్న విషయాలే తేడా తెస్తాయి. టెకోవిరిమాట్ క్యాప్సూల్స్‌ని కొవ్వున్న భోజనంతో ఇవ్వకపోతే ఒంటికి సరిగా పట్టదు. నోట్లో పుండ్లతో ఏమీ తినలేని రోగికి అవి రాసేసి వెళ్లిపోతే మందు ఇచ్చినట్టు కాదు. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్‌లో మందుతో పాటు ఉండే సైక్లోడెక్స్‌ట్రిన్ మూత్రపిండాలు పాడైనవాళ్లలో పేరుకుపోతుందనే ఆందోళన మొదట్లో ఉండేది, అందుకే మొదటి ప్రోటోకాల్స్‌లో అలాంటివాళ్లని పక్కన పెట్టారు. యాంటీబాడీ ఎక్కిస్తుంటే మొదటి గంట నర్సు పక్కనే ఉండాలి, రియాక్షన్ వస్తే ఇవ్వాల్సిన మందులు ట్రేలో సిద్ధంగా ఉండాలి.

తీవ్రమైన దుష్ప్రభావం వస్తే అదే రోజు కంపెనీకి చెప్పండి. అమెరికా నిబంధనల్లో, ఊహించని ప్రాణాంతక రియాక్షన్ మందు వల్లే అనే అనుమానం ఉంటే 7 రోజుల్లో, మిగతా తీవ్రమైనవి 15 రోజుల్లో నియంత్రణ సంస్థకి చేరాలి. ఒక్క రోగి కోసం మీరే దరఖాస్తు పెట్టి ఉంటే ఆ బాధ్యత మీదే, కంపెనీది కాదు. ఇది చాలామందికి తెలియదు.

మందు వచ్చిందని సెలైన్లు, ఆక్సిజన్, పొటాషియం చూడటం తగ్గించకండి. కాంగోలో టెకోవిరిమాట్‌ని 597 మంది ఎంపాక్స్ రోగుల మీద పరీక్షిస్తే పుండ్లు మానే వేగంలో తేడా రాలేదు, కానీ మందు తీసుకున్నవాళ్లలోనూ తీసుకోనివాళ్లలోనూ మరణాలు 1.7 శాతమే, ఆ దేశంలో మామూలుగా కనిపించేదాని కంటే బాగా తక్కువ. ఆస్పత్రిలో చేర్చుకుని జాగ్రత్తగా చూసుకున్నందుకే అది సాధ్యమైందని పరిశోధకులు అన్నారు. 2024 సెప్టెంబరులో రువాండాలో ఎబోలా లాంటిదే అయిన మార్‌బర్గ్ జబ్బు వచ్చినప్పుడు రెమ్‌డెసివిర్, ఎంబీపీ091 యాంటీబాడీ రెండూ త్వరగా తెప్పించి ఇచ్చారు, దానితో పాటు మంచి ఐసీయూ సంరక్షణ కూడా అందింది; 66 మందిలో 15 మంది చనిపోయారు. మార్‌బర్గ్‌కి అది చాలా తక్కువ. అందులో మందు వాటా ఎంత, సంరక్షణ వాటా ఎంత అని విడదీసి చెప్పే వీలు లేదు.

మీ రోగి కోలుకుంటే "మందు పనిచేసింది" అని చెప్పాలనిపిస్తుంది. ఆగండి. 2020 ఏప్రిల్‌లో కంపాషనేట్ యూజ్ కింద రెమ్‌డెసివిర్ తీసుకున్న 53 మందిలో 36 మంది మెరుగయ్యారని వచ్చింది, పోల్చడానికి మందు తీసుకోని గుంపు లేదు. తర్వాత 1062 మందితో జరిగిన ట్రయల్‌లో కోలుకునే సమయం 15 రోజుల నుంచి 10 రోజులకి తగ్గిందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ట్రయల్‌లో మరణాల మీద ప్రభావం దాదాపు కనిపించలేదు. మీరు రాసే ఒక్క కేసు విలువ అందులోని వివరాల్లో ఉంది: ఏ రోజు మొదలుపెట్టారు, వైరల్ లోడ్ రోజురోజుకీ ఎలా మారింది, పక్కన ఇంకేం ఇచ్చారు. రోగి చనిపోతే కూడా అంతే శ్రద్ధగా రాయండి. బాగైనవాళ్ల గురించి మాత్రమే రాస్తే తర్వాతి డాక్టర్‌ని తప్పుదారి పట్టించినట్టే.

మందు తక్కువ, రోగులు ఎక్కువ

2014 ఆగస్టు నాటికి జెడ్‌మ్యాప్ ప్రపంచం మొత్తం మీద అయిపోయింది, అందింది కొద్దిమందికే. మూడు కోర్సులు, తొమ్మిది మంది రోగులు ఉన్నప్పుడు ఎవరికి ఇవ్వాలన్నది మంచం పక్కన ఉన్న డాక్టర్ నిర్ణయించకూడదు. చికిత్సలో లేని ముగ్గురు నలుగురితో ఒక చిన్న బృందం ఉండాలి, వాళ్లకి రోగి పేరు, హోదా తెలియకూడదు, వైద్య వివరాలు మాత్రమే తెలియాలి. ఎవరికి మేలు జరిగే అవకాశం ఎక్కువో వాళ్లకి. ఇద్దరూ సమానమైతే లాటరీ. ఆరోగ్య సిబ్బందికి ప్రాధాన్యం ఇవ్వాలా అన్నదాని మీద వాదనలు ఉన్నాయి, ఇవ్వాలనుకుంటే ఆ నియమం ముందే రాసి అందరికీ కనపడేలా పెట్టాలి. పలుకుబడి ఉన్నవాళ్ల ఫోన్లు తప్పకుండా వస్తాయి. "అది నా చేతిలో లేదు, ఆ బృందం చూస్తుంది" అని చెప్పగలగడం డాక్టర్‌కి కూడా ఎంతో ఊరట.

ఇదంతా రోగి వచ్చాక మొదలుపెడితే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి: మీ ప్రాంతంలో రాగల రెండు మూడు వైరస్‌లకి ఏ మందులు పరీక్షల్లో ఉన్నాయో, కంపెనీ ఫోన్ నంబరు, నియంత్రణ సంస్థ రాత్రిపూట నంబరు, సమ్మతి పత్రం నమూనా మీ భాషలో, ఎథిక్స్ కమిటీ ముందస్తు ఆమోదం. 2025లో ఉగాండాలో సూడాన్ రకం ఎబోలా జనవరి 30న ప్రకటిస్తే టీకా ట్రయల్ ఫిబ్రవరి 3న మొదలైంది. నాలుగు రోజులు! అంతకుముందు 2022 విజృంభణ తర్వాత ప్రోటోకాల్, డోసులు సిద్ధం చేసి పెట్టుకున్నారు కాబట్టే అది కుదిరింది. మందుల విషయంలోనూ అదే జరగాలి.

చికిత్స అయ్యాక చేయాల్సినవి కొన్ని మిగులుతాయి. వాడని వయల్స్‌ని కంపెనీ చెప్పినట్టు తిరిగి పంపడమో, నాశనం చేసి రాసుకోవడమో చేయాలి, వేరే రోగికి సొంతంగా మళ్లించకూడదు, ఆ రోగికి వేరే అనుమతి కావాలి. ముగింపు నివేదిక నియంత్రణ సంస్థకి, ఎథిక్స్ కమిటీకి, కంపెనీకి పంపాలి. రోగి ఇంటికి వెళ్లినా సంబంధం తెంచుకోకండి: ఎబోలా వైరస్ కోలుకున్నవాళ్ల కంట్లో, వీర్యంలో, మెదడు చుట్టూ ఉండే ద్రవంలో నెలల తరబడి ఉండగలదు, తిరగబెట్టిన సందర్భాలూ ఉన్నాయి, ఈ మందులు అక్కడిదాకా ఎంతవరకు చేరతాయో తెలియాలంటే రోగి మళ్లీ రావాలి. డిశ్చార్జి కాగితం ఇచ్చేటప్పుడే తర్వాతి పరీక్ష తేదీ, ఎవరికి ఫోన్ చేయాలో, చూపు మసకబారినా తలనొప్పి మొదలైనా అదే రోజు రావాలన్న మాట, పెద్ద అక్షరాలతో రాసి చేతికివ్వండి.